కండరానికి తాళాలెన్ని?

గుండెపోటు అనుమానంతో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీతో పాటు చేయించే రక్తపరీక్ష ట్రోపోనిన్. ఆ పేరు ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. రక్తంలో అది పెరిగితే గుండె కండరం దెబ్బతిన్నట్టు లెక్క. మామూలుగా ట్రోపోనిన్ ఉండేది కండరకణం లోపల. కండరం ఎప్పుడు బిగుసుకోవాలో, ఎప్పుడు సడలాలో చూసుకోవడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగం అది ఎలా చేస్తుందన్న ప్రశ్నకు 1970లలోనే జవాబు దొరికిందని చాలాకాలం నమ్మారు. పాఠాల్లో ఇప్పటికీ ఆ జవాబే చెబుతున్నారు. 2010 తర్వాత వచ్చిన ప్రయోగాలతో వాదం మళ్లీ మొదటికొచ్చింది. కండరం తాళం సన్నని తంతువు మీద ఉందా, మందమైన తంతువు మీద ఉందా అని పరిశోధకులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆ చీలికే పొరపాటని నా అభిప్రాయం. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు తాళాలూ నిజమే. ఒకదాన్ని కాల్షియం తీస్తుంది. రెండోదాన్ని ప్రధానంగా కండరం మోసే బరువు తీస్తుంది. ఇంకా తేలాల్సింది, ఒక తాళం తెరుచుకున్న సంగతి రెండోదానికి ఎలా చేరుతుందన్నదే.

కాల్షియం నుంచి ట్రోపోనిన్ దాకా

కండరకణంలో రెండు రకాల ప్రొటీన్ తంతువులు ఒకదాని సందులోకి ఒకటి దూరి వరసగా ఉంటాయి. సన్నవి యాక్టిన్‌వి, మందమైనవి మయోసిన్‌వి. కండరం బిగుసుకునేటప్పుడు ఈ తంతువులు కుంచించుకుపోవు, ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. ఈ సంగతిని 1954లో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జంటగా, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె మరో జంటగా నేచర్ పత్రికలో ఒకే సంచికలో ప్రకటించారు. మయోసిన్ తంతువు నుంచి పొడుచుకొచ్చిన తలలు యాక్టిన్‌ను పట్టుకుని, లాగి, వదులుతాయి. లాగిన ప్రతిసారీ కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. ఇంజిన్ సంగతి అలా తేలింది. దాన్ని నడిపేదెవరు, ఆపేదెవరు అన్నది వేరే కథ.

ఆ కథ లండన్ కుళాయి నీళ్లతో మొదలైంది. అక్కడి వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి కొట్టుకునేలా చేశాడు. ద్రావణాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపినప్పుడు గుండె ఆగిపోతోందని, కుళాయి నీళ్లతో కలిపినప్పుడే కొట్టుకుంటోందని 1883లో రాశాడు. తేడా నీళ్లలోని కాల్షియంది. 1947లో హైల్‌బ్రన్, వియర్సిన్‌స్కీ కండర పోగు లోపలికి రకరకాల లవణాలు ఎక్కించి చూశారు. ఒంట్లో సహజంగా ఉండే అయాన్లలో కాల్షియం ఒక్కటే దాన్ని ముడుచుకునేలా చేసింది. అయినా జీవరసాయన శాస్త్రవేత్తలకు నమ్మకం కుదరలేదు. వాళ్ల అనుమానానికి గట్టి కారణమే ఉంది. బాగా శుద్ధి చేసిన యాక్టిన్‌ను, మయోసిన్‌ను ఏటీపీతో కలిపితే కాల్షియం ఉన్నా లేకపోయినా అవి పనిచేస్తూనే ఉంటాయి. కండరం నుంచి నేరుగా తీసిన ముతక మిశ్రమం మాత్రం కాల్షియం మాట వింటుంది. అంటే శుద్ధి చేసేటప్పుడు ఏదో కొట్టుకుపోతోంది.

ఆ కొట్టుకుపోయేదాన్ని 1963లో టోక్యోలో సెట్సురో ఎబాషి పట్టుకున్నాడు. చూడబోతే అది 1946లో కెనెత్ బెయిలీ కనుగొన్న ట్రోపోమయోసిన్‌ను పోలి ఉంది. బెయిలీ ప్రొటీన్‌కు ఒక పని ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎబాషి చేతికొచ్చినదాంట్లో ట్రోపోమయోసిన్‌తో పాటు ఇంకొకటి అంటుకుని ఉంది. 1965లో ఎబాషి, కొడామా దాన్ని విడదీసి ట్రోపోనిన్ అని పేరు పెట్టారు. 1970ల మొదట్లో గ్రేజర్, గెర్గెలీ దానిలో మూడు భాగాలున్నాయని తేల్చారు. కాల్షియాన్ని పట్టుకునేది సి, పనిని ఆపి ఉంచేది ఐ, ట్రోపోమయోసిన్‌కు అతుక్కునేది టి. నేడు ఆసుపత్రి ల్యాబులు రక్తంలో వెతికేది వీటిలో గుండెకే ప్రత్యేకమైన ఐ, టి రూపాలను.

దారికి అడ్డంగా తాడు

సన్నని తంతువును దగ్గరగా చూస్తే రెండు పేటల పూసల దండను మెలిపెట్టినట్టు ఉంటుంది. పూసలు యాక్టిన్ అణువులు. రెండు పేటల మధ్య గాడి వెంట ట్రోపోమయోసిన్ సన్నని తాడులా సాగుతుంది. ఒక్కో ట్రోపోమయోసిన్ ఏడు పూసల మీదుగా పడుకుంటుంది, దాని మీద ఒక ట్రోపోనిన్ కూర్చుంటుంది. ఈ అమరిక సుమారు 38.5 నానోమీటర్లకు ఒకసారి తిరిగి వస్తుంది. సడలిన కణంలో కాల్షియం లీటరుకు 0.1 మైక్రోమోల్ దగ్గర ఉంటుంది. నరం నుంచి కబురు అందగానే కణంలోని సంచుల నుంచి కాల్షియం బయటికొచ్చి ఆ గాఢత పదింతలు, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది. కాల్షియాన్ని అందుకున్న సి భాగం, యాక్టిన్‌ను పట్టుకుని ఉన్న ఐ భాగాన్ని తనవైపు లాక్కుంటుంది. తాడు గాడిలో పక్కకు జరుగుతుంది. మయోసిన్ తల ఆనవలసిన చోటు బయటపడుతుంది. 1972, 73 సంవత్సరాల్లో హ్యూ హక్స్‌లీ, హేసెల్‌గ్రోవ్, ప్యారీ, స్క్వైర్ ఎక్స్-రే చిత్రాల్లోని మార్పులను బట్టి ఈ బొమ్మ గీశారు. దీన్ని అడ్డు సిద్ధాంతం అందాం.

ఈ సిద్ధాంతానికి అసలైన దెబ్బ 1981లో తగిలింది. చలోవిచ్, చాక్, ఐసెన్‌బర్గ్ చేసిన ప్రయోగంలో, కాల్షియం లేనప్పుడు కూడా ఏటీపీ సమక్షంలో మయోసిన్ తలలు యాక్టిన్‌కు దాదాపు అంతే బాగా అంటుకున్నాయి. ఏటీపీ ఖర్చు మాత్రం బాగా పడిపోయింది. తాడు నిజంగా దారికి అడ్డుంటే తల అంటుకోనే కూడదు కదా? అందుకని, ఆగుతున్నది అంటుకోవడం కాదని, అంటుకున్న తల ఫాస్ఫేట్‌ను వదిలే అడుగు దగ్గర పని ఆగుతోందని వాళ్లు వాదించారు. అంతకు ముందే, 1972లో, బ్రెమెల్, వెబర్ మరో చిక్కు చూపించారు. ఏటీపీ బాగా తగ్గిన ద్రావణంలో యాక్టిన్‌కు గట్టిగా అతుక్కుపోయిన కొద్ది తలలు, కాల్షియం అవసరమే లేకుండా పక్క తలలకూ దారి తెరిచాయి. తాళం చెవి కాల్షియం చేతిలోనే ఉంటే ఇదెలా సాధ్యం?

ఈ రెండు అభ్యంతరాలూ అడ్డు సిద్ధాంతాన్ని కూలదోయలేదు. దాన్ని సరిదిద్దాయి. 1993లో మెక్‌కిలప్, గీవ్స్ తాడుకు రెండు కాదు, మూడు చోట్లు ఉన్నాయని ప్రతిపాదించారు. తలుపు మూసి ఉండటం, ఓరగా తెరిచి ఉండటం, బార్లా తెరుచుకోవడం. కాల్షియం తాడును మొదటి చోటు నుంచి రెండో చోటికి జరుపుతుంది. అక్కడ మయోసిన్ తల వదులుగా ఆనగలదు. ఆనిన తల పట్టు బిగిస్తేనే తాడు మూడో చోటికి జరిగి ఇరుగుపొరుగు తలలకూ దారి ఇస్తుంది. 1994లో లేమన్, క్రెయిగ్, విబర్ట్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తాడు జరగడాన్ని చూపారు, 1997 నాటికి మూడు చోట్లూ కనిపించాయి. 2020లో జపాన్ పరిశోధకులు క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో గుండె సన్నని తంతువులో ట్రోపోనిన్ తాడును ఎలా పట్టి ఉంచుతుందో వివరంగా చూపించారు. 1981 నాటి ప్రయోగం తప్పు కాదు. అది ఉప్పు బాగా తక్కువైన ద్రావణంలో, తలల వదులు స్పర్శను కొలిచింది. బలం పుట్టేది గట్టి పట్టులో. ఆ తేడా ఒప్పుకుంటే రెండు పక్షాల ఫలితాలూ ఒకే చట్రంలో ఇముడుతాయి. ఈ వాదంలో తరచుగా మరుగునపడే విషయం ఒకటి ఇక్కడే ఉంది. మొదటి తాళాన్ని కూడా కాల్షియం ఒంటరిగా పూర్తిగా తీయలేదు. మిగతా సగం మయోసిన్ చేతిలో ఉంది.

ఆల్చిప్ప సాక్ష్యం

వెన్నెముక లేని జంతువుల వైపు చూసినవాళ్లకు ఈ సంగతి ముందే తట్టింది. 1970లో కెండ్రిక్-జోన్స్, లేమన్, ఆండ్రూ సెంట్-జార్జి స్కాలప్ అనే సముద్రపు ఆల్చిప్ప కండరంలో కాల్షియం నేరుగా మయోసిన్‌నే అదుపు చేస్తోందని చూపారు. మయోసిన్ మెడ దగ్గర ఉండే చిన్న గొలుసు ప్రొటీన్‌ను తీసేస్తే ఆ అదుపు పోతుంది, తిరిగి పెడితే వస్తుంది. తాళం ఎక్కడుందో తెలుసుకోవడానికి వాళ్లు వాడిన పరీక్ష చాలా అందమైనది. కండర మిశ్రమానికి ట్రోపోనిన్ ఏమాత్రం లేని శుద్ధమైన యాక్టిన్‌ను ఎక్కువగా కలపాలి. కాల్షియం లేకపోయినా పని మొదలైతే తాళం సన్నని తంతువు మీద ఉన్నట్టు, ఎందుకంటే కొత్త యాక్టిన్‌కు తాళం లేదు. అప్పటికీ పని మొదలవకపోతే తాళం మయోసిన్ మీద ఉన్నట్టు. ఈ పరీక్షతో 1975లో ఎన్నో రకాల జంతువుల కండరాలను వరసగా చూసుకుంటూ వెళ్తే, చాలా పురుగుల్లో, కీటకాల్లో రెండు తాళాలూ దొరికాయి. రెండు తాళాలు ఉండటం ప్రకృతికి కొత్త కాదన్న మాట. వెన్నెముక ఉన్న జంతువుల చారల కండరాల్లో మాత్రం ఈ పరీక్షకు ఒక్క తాళమే దొరికింది. ఆ ఫలితాన్నే చాలామంది తుది తీర్పుగా తీసుకున్నారు. పరీక్ష వెతికింది కాల్షియం తీసే తాళాన్ని. వేరే చెవితో తీసే తాళం ఉంటే అది ఈ పరీక్షకు దొరకదు.

పేగుల్లో, రక్తనాళాల్లో, గర్భాశయంలో ఉండే నునుపు కండరం సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. దానిలో ట్రోపోనిన్ లేదు. కాల్షియం కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని కైనేజ్ అనే ఎంజైమ్‌ను లేపుతుంది. అది మయోసిన్ చిన్న గొలుసుకు ఫాస్ఫేట్ తగిలిస్తే తల పనిలోకి దిగుతుంది. మొదటి తాళాన్ని కనిపెట్టిన ఎబాషి ఇక్కడ కూడా తాళం సన్నని తంతువు మీదే ఉందని, లియోటోనిన్ అనే ప్రొటీన్ దాన్ని నడుపుతుందని చాలాకాలం వాదించాడు. సాక్ష్యం ఆయన వైపు నిలవలేదు. సన్నని తంతువు మీద ఉండే కాల్డెస్మాన్ వంటి ప్రొటీన్లకు ఇందులో ఎంత వాటా ఉందన్నది మాత్రం ఇప్పటికీ చర్చలోనే ఉంది.

ముడుచుకుని నిద్రపోయే తలలు

రెండో తాళం ఆనవాళ్లు 1967 నుంచే కళ్లముందున్నాయి. హ్యూ హక్స్‌లీ, బ్రౌన్ తీసిన ఎక్స్-రే చిత్రాల్లో, సడలిన కప్ప కండరంలో మయోసిన్ తలలు తంతువు చుట్టూ మెట్లలా తీరుగా అమరి ఉన్నాయి. కండరం బిగుసుకోగానే ఆ తీరు చెదిరిపోతోంది. తలలు యాక్టిన్‌ను పట్టుకోవడానికి వెళ్లాయి కాబట్టి వరస చెదిరిందని దాన్ని చదివారు. అది పర్యవసానం అనుకున్నారే తప్ప, వరస చెదరడమే పనికి మొదటి షరతు కావచ్చని నలభై ఏళ్ల పాటు ఎక్కువమంది ఆలోచించలేదు.

2005లో క్రెయిగ్, పాద్రోన్ బృందం టరాంటులా సాలీడు కండరంలోని మందమైన తంతువును దగ్గరగా చూపించింది. మయోసిన్‌కు రెండు తలలు. సడలిన తంతువులో అవి వెనక్కి మడిచి, ఒకదాని మీద ఒకటి వాలి, తంతువుకు అతుక్కుని ఉన్నాయి. ఆ భంగిమలో అవి యాక్టిన్‌ను పట్టుకోలేవు, ఏటీపీని కూడా పెద్దగా ఖర్చుపెట్టలేవు. 2010లో రోజర్ కుక్ బృందం ఆ ఖర్చును కొలిచింది. పొర తీసేసిన కుందేలు కండర పోగులకు మెరిసే ఏటీపీని పట్టించి, తర్వాత దాన్ని మామూలు ఏటీపీతో తరిమి, మెరుపు ఎంత వేగంగా తగ్గుతుందో చూశారు. మెరుపులో ఒక భాగం కొన్ని పదుల సెకన్లలో ఆరిపోయింది. మిగతా భాగం ఆరడానికి నిమిషాలు పట్టింది, సగటున 230 సెకన్ల దాకా. అంటే తలల్లో చాలావాటికి ఒక్క ఏటీపీ నాలుగు నిమిషాల తిండి. మన ఒంట్లో కండరమే ఎంతో బరువు తూగుతుంది కాబట్టి ఈ పొదుపు చిన్నది కాదు. మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్ ఈ నిద్రను చెడగొడుతుందని 2016లో కుందేలు కండరం మీదే తేలింది. మిరియాలు తింటే ఒళ్లు తగ్గుతుందని దీని అర్థం కాదు. నిద్రపోయే ఈ స్థితిని రసాయనాలతో కదిలించవచ్చని మాత్రమే.

ఈ తలలను లేపేదెవరు? 2015లో లినారి, లొంబార్డి, అర్వింగ్ తదితరులు నేచర్‌లో ప్రచురించిన ప్రయోగం నా దృష్టిలో ఈ అరవై ఏళ్ల చరిత్రలో అతి ముఖ్యమైన వాటిలో ఒకటి. ఒకే ఒక కప్ప కండర పోగును ప్రేరేపించి, బరువేమీ లేకుండా కుంచించుకోనిచ్చారు. కాల్షియం వచ్చింది, సన్నని తంతువు తెరుచుకుంది, అయినా మందమైన తంతువులో ఎక్కువ తలలు నిద్రలోనే ఉన్నాయి. పోగు బరువు మోయవలసి వచ్చాకనే తలలు లేచాయి. ముందు నుంచీ మెలకువగా ఉన్న కొద్ది తలలు తేలికపాటి పనికి సరిపోతాయి. బరువు పడ్డప్పుడు తంతువులో పుట్టే బిగువు మిగతావాటిని లేపుతుంది. ఎంత పని ఉంటే అంతమంది కూలీలను దింపే పద్ధతి ఇది.

రెండో తాళానికి ఎదురైన అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం సూటిగా ఉంటుంది. కాల్షియం లేనప్పుడు సన్నని తంతువు మూసే ఉంటుంది, కండరం సడలే ఉంటుంది. ఇక రెండో తాళం దేనికి? దీనికి కుక్ కొలతలే జవాబు. మొదటి తాళం కండరం లాగకుండా ఆపగలదు, తలలు ఊరికే ఏటీపీని తగలెయ్యకుండా ఆపలేదు. రెండో తాళం పొదుపు కోసం.

రెండో అభ్యంతరం బలమైనది. నిద్ర స్థితిని కొలవడానికి వాడే మెరిసే ఏటీపీ పద్ధతినే కొందరు శంకిస్తున్నారు. నెమ్మదిగా ఆరే మెరుపంతా నిద్రపోయే తలలదే కాకపోవచ్చని, మైక్రోస్కోపులో కనిపించే ముడుచుకున్న భంగిమకూ నెమ్మది ఖర్చుకూ ఎప్పుడూ పొంతన కుదరడం లేదని వాళ్లు చూపుతున్నారు. ఇందులో న్యాయం ఉంది. ముడుచుకున్న తలంటే నిద్రపోయే తలే అని రెండింటినీ ఒకటిగా రాయడం తొందరపాటు. అయితే 2015 నాటి వాదం ఆ మెరుపు మీద ఆధారపడలేదు, బతికున్న పోగులో తీసిన ఎక్స్-రే చిత్రాల మీద నిలబడింది. పద్ధతి మీద వచ్చిన అనుమానం తాళాన్ని కొట్టెయ్యదు, దాని కొలతలను మాత్రం సందేహంలో పడేస్తుంది.

ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లు కనపడకపోవడానికి ఒక చల్లని కారణం ఉంది. పొర తీసిన సస్తన కండరాన్ని ఒంటి వేడి కన్నా బాగా చల్లబరిస్తే, సడలి ఉన్నప్పుడు కూడా తలల వరస చెదిరిపోతుంది. పోగులు ఎక్కువసేపు పాడవకుండా ఉండాలని చాలా ప్రయోగశాలల్లో చల్లని ద్రావణాల్లోనే పనిచేశారు. అంటే ప్రయోగం మొదలుకాకముందే రెండో తాళం తీసేసి, ఉన్నది ఒక్క తాళమే అని లెక్కగట్టారు. పాత ఫలితాలను ఈ కోణంలో మళ్లీ చదవాల్సిన అవసరం ఉంది.

గుండె దగ్గరికి వచ్చేసరికి రెండు పక్షాల తూకం మారుతుంది. చేతి, కాలి కండరాల్లో రెండో తాళానికి కాల్షియంతో నేరుగా పనిలేదని 2016లో అర్వింగ్ బృందం చూపితే, గుండె మందమైన తంతువును కాల్షియం నేరుగా కదిలిస్తుందని 2022లో షికాగో ఎక్స్-రే బృందం చెప్పింది. ఈ రెండు ఫలితాలూ ఇంకా ఒకదానితో ఒకటి సరిపడలేదు. గుండె ట్రోపోనిన్‌లో కాల్షియంతో పని నడిపే చోటు ఒక్కటే, చేతి కండరంలో రెండు. అడ్రినలిన్ ప్రభావంతో గుండె ట్రోపోనిన్ ఐకి ఫాస్ఫేట్ తగిలితే కాల్షియం మీద పట్టు సడలి, గుండె త్వరగా విశ్రాంతికి వస్తుంది. గుండె ఎంత నిండితే అంత గట్టిగా కొట్టుకుంటుందన్న ఫ్రాంక్, స్టార్లింగ్‌ల పాత నియమానికి కారణమేమిటన్న దాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. సాగదీసినప్పుడు ట్రోపోనిన్‌కు కాల్షియం మీద పట్టు పెరుగుతుందని ఒక పక్షం, టైటిన్ అనే పొడవాటి ప్రొటీన్ మందమైన తంతువును లాగి తలలను లేపుతుందని మరో పక్షం. రెండూ కలిసి పనిచేస్తాయనడమే నాకు సబబుగా తోస్తోంది. ఎవరి వాటా ఎంతో ఇంకా ఎవరూ తేల్చలేదు.

మధ్యలో నిలబడ్డ సి-ప్రొటీన్

ఒక తాళం కబురును రెండోదానికి చేరవేసేది ఎవరని వెతికితే మొదట ఎదురయ్యేది సి-ప్రొటీన్ (ట్రోపోనిన్‌లోని సి భాగం కాదు, ఇది వేరు). 1973లో ఆఫర్, మూస్, స్టార్ దీన్ని గుర్తించారు. ఒక కొన మందమైన తంతువుకు కట్టుబడి, మరో కొన సన్నని తంతువును అందుకునేలా ఉంటుంది. 2023లో ఒకేసారి రెండు బృందాలు గుండె మందమైన తంతువు నిర్మాణాన్ని నేచర్‌లో ప్రకటించినప్పుడు, ముడుచుకున్న తలలను ఈ ప్రొటీన్ తంతువుకు అదిమిపెట్టడం కనిపించింది. జర్మనీ బృందం చిత్రాల్లో దాని చివర సన్నని తంతువును తాకడం కూడా కనిపించింది. వంతెన కళ్లబడింది. దాని మీదుగా ఏం నడుస్తోందో, ఏ వైపు నడుస్తోందో ఇంకా తెలియదు.

ఈ ప్రొటీన్ సంగతి మనకు చాలా దగ్గరిది. దాని జన్యువులో 25 అక్షరాల ముక్క లోపించడం దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో కనిపిస్తుందని, అది గుండె కండర జబ్బులతో ముడిపడి ఉందని 2009లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ ఆ పరిశోధనలో ముఖ్యులు. తర్వాత 2018, 2020లలో వచ్చిన పరిశీలనలు చిత్రాన్ని మార్చాయి. ఆ ముక్క లేనివాళ్లందరికీ ప్రమాదం ఒకేలా లేదని, వాళ్లలో కొద్దిమందికి అదే జన్యువులో ఉండే ఇంకో మార్పు ప్రమాదంలో ఎక్కువ భాగానికి కారణమని అవి సూచించాయి. 2009 నాటి మొదటి హెచ్చరిక మీద ఆగిపోకుండా ఈ సవరణను కూడా మన పాఠకులకు చెప్పాలి.

మందులు కూడా ఈ రెండు తాళాల మధ్యే చీలి ఉన్నాయి. ట్రోపోనిన్ సి మీద పనిచేసే లెవోసిమెండాన్ చాలాకాలంగా వాడుకలో ఉంది. గుండె గోడ మందమై రక్తం దారికి అడ్డుపడే జబ్బుకు, మయోసిన్‌ను నెమ్మదింపజేసే మావాకాంటెన్‌ను అమెరికా ఔషధ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆమోదించింది. మయోసిన్‌ను ఉత్సాహపరిచే ఒమెకాంటివ్‌కు 2023లో ఆమోదం దొరకలేదు. రెండో తాళాన్ని మందుతో బిగించి రోగికి మేలు చేయగలిగాం, కాబట్టి అది ఊహ కాదు. ప్రతి కండరంలో, ప్రతి బరువు దగ్గర దాని వాటా ఎంతో కొలిచే పని మిగిలి ఉంది.

అంతవరకు ఒక్క మాట. జన్యు పరీక్ష రిపోర్టులో ఆ 25 అక్షరాల లోపం కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయి ఉంటే, లేదా గుండె కండరం మందమైందని డాక్టర్లు చెప్పి ఉంటే, రిపోర్టుతో పనిలేకుండా ఆ ఇంటి రక్తసంబంధీకులు ఈసీజీ, ఎకో తీయించుకోవాలి.